బుల్లిరాజు మాస్టారి ఇంగ్లీషు

"మా ముత్తాతగారి ఇంగ్లీషుని బాగు చెయ్యమని మిమ్మల్ని ఎవరు అడిగారండీ?"

హేమంత్‌కుమార్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. కౌంటరు అవతల ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో తడిసిన గొడుగు, రెండో చేతిలో కాగితాల కట్ట. గొడుగులోంచి నీళ్ళు కారి గచ్చంతా మడుగవుతోంది. ఆ సంగతి ఆమెకి పట్టినట్టు లేదు.

ఏలూరు పవర్‌పేటలో ఆ చిన్న డీటీపీ సెంటరు పెట్టి నాలుగేళ్ళయింది. పెళ్ళి శుభలేఖల్లో పేర్లు తారుమారయ్యాయని తగువులొచ్చాయి గానీ, ఎవరి ముత్తాత తరఫునా ఇంతవరకు తగువు రాలేదు.

"ఏ ముత్తాతగారండీ?"

"బుల్లిరాజు మాస్టారు. మా తాతగారు ఈశ్వరరావుగారు పోయిన వారం మీకు జిరాక్సులు ఇచ్చి వెళ్ళారు. ఆయన నోటుబుక్కు పుస్తకంగా వెయ్యాలి, టైపు చెయ్యండి అన్నారు. దిద్దమన్లేదు కదా?"

హేమంత్ మొహం వెలిగిపోయింది. "ఓ, అదాండీ! అందులో ఎన్ని తప్పులున్నాయో మీకు తెలీదు. ఒక్కోటీ పట్టుకుని దిద్దాను. హ్యాత్ అని ఉన్నచోటల్లా హ్యాజ్ చేశాను. స్పేక్ అని ఉంటే స్పోక్ చేశాను. గోయెత్ అట, కమెత్ అట! పాపం పెద్దాయనకి స్పెల్లింగులు సరిగా రావనుకుంటాను."

"ఆ పెద్దాయన ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు మాస్టారండీ!"

హేమంత్ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"అవి తప్పులు కావు. పాత ఇంగ్లీషులో క్రియలు అలాగే ఉండేవి. మీ పాత దస్తావేజులో 'వ్రాయించి ఇచ్చితిని' అని ఉంటే, తప్పని కొట్టేసి 'రాయించిచ్చాను' అని పెడతారా?" ఆమె కట్టలోంచి ఒక కాగితం లాగింది. "ఇది చదవండి. ఆయన దెందులూరు దేనిమీద వెళ్ళారట?"

హేమంత్ చదివాడు. బులక్ కేర్. ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత చెవులు వేడెక్కాయి.

"ఆర్ట్ అని ఉన్నచోటల్లా ఆర్ చెయ్యమని కంప్యూటర్‌కి ఒక్కసారే చెప్పేశానండి. అది బులక్ కార్ట్‌లో ఉన్న ఆర్ట్‌ని కూడా..."

"హార్ట్‌లో ఉన్నదాన్ని కూడా. పుస్తకం మొత్తంలో ఒక్క హృదయం మిగల్లేదు."

నవ్వు ఆపుకోవడానికి హేమంత్ కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు. అప్పుడామె గొంతు తగ్గింది.

"ఇంకో నెల రోజుల్లో మా తాతగారి సహస్ర చంద్ర దర్శనం, ఆలోగా పుస్తకం అచ్చవ్వాలి. ఆ రోజు ఊరందరికీ పంచాలని ఆయన ఆశ. నిన్న మా అప్పారావు బాబాయి అరుగుమీద కూర్చుని మీరిచ్చింది పైకి చదివి తెలుగు చెప్పాడు. 'ఇన్‌స్పెక్టరు దొరవారికి నమస్కరించి వ్రాయునది. బడి పైకప్పు కారుచున్నది. మీరు నవ్విన పూట ఇంటికి దీపమక్కర్లేదు.' అరుగంతా ఒకటే నవ్వులు. తాతగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు."

హేమంత్‌కి ఇక నవ్వు రాలేదు. పోయిన వారం ఆ పెద్దాయన జిరాక్సులు తువ్వాల్లో చుట్టి తెచ్చి, రెండు చేతులతో కౌంటరు మీద పెట్టడం గుర్తొచ్చింది.

"మళ్ళీ మొదట్నుంచీ టైపు చేస్తానండి. ఒక్క అక్షరం మార్చను. కానీ జిరాక్సుల్లో అంచులు తెగిపోయాయి. అసలు పుస్తకం కావాలి."

"పుస్తకం ఇల్లు దాటదు. కావాలంటే మీరే రండి." వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "నా పేరు గంగాభవాని. తాడేపల్లిగూడెం డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను."

"మాది తాడేపల్లిగూడెమేనండి!" అన్నాడు హేమంత్ సంబరంగా.

అది ఆమె కోపాన్ని ఏమాత్రం తగ్గించినట్టు కనబడలేదు.

* * *

ఆదివారం లాప్‌టాప్ భుజాన వేసుకుని, దెందులూరు దాటి, చేపల చెరువుల గట్ల వెంట బండి నడుపుకుంటూ కొల్లేటి ఒడ్డునున్న వాళ్ళ ఊరు చేరాడు. చెరువుల మీద గూడబాతులు బరువుగా ఎగురుతున్నాయి. ఈశ్వరరావుగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. హేమంత్ వంగి దణ్ణం పెట్టి తన తప్పు ఒప్పుకున్నాడు.

"పోనీలెండి బాబూ. మా నాన్న రాతని పట్టించుకుని దిద్దినవాళ్ళు మీరొక్కరే," అన్నారాయన. వెక్కిరింపో మెచ్చుకోలో తేలలేదు.

భవాని నల్లట్ట నోటుబుక్కు తెచ్చి బల్లమీద పెట్టింది. ఎనభయ్యేళ్ళు పైబడిన పుస్తకం. ముత్యాల్లాంటి అక్షరాలు, అక్కడక్కడా పాలిపోయిన సిరా. బుల్లిరాజు మాస్టారు ఎవరో పెన్షనరు అమ్మేసిన పాత పుస్తకాలు ఏలూరులో కొని, వాటితోనే ఇంగ్లీషు నేర్చుకున్నారట. అందుకే ఆయన కాలానికే పాతబడిన భాష ఆయన కలంలో మిగిలిపోయింది.

"గుర్తు చాలా తేలిక," అంది భవాని, పిల్లలకి చెప్పే గొంతుతో. "అతను, ఆమె, అది అన్నప్పుడు క్రియకి చివర ఎత్ చేరుతుంది. గోయెత్, కమెత్. హ్యాత్, డోత్ కూడా ఆ జాతే. దౌ అంటే నువ్వు. దౌ వస్తే ఎస్ట్. దౌ గోయెస్ట్, దౌ హ్యాస్ట్, దౌ ఆర్ట్."

"నేను అన్నప్పుడో?"

"ముందు ఇవి సరిగా కొట్టండి."

హేమంత్ ఒక్కో అక్షరం పలుక్కుంటూ కొట్టసాగాడు. బడికి సుద్దముక్కలు చాలడం లేదని ఇన్‌స్పెక్టరుకి రాసుకున్న చిత్తు ఉత్తరాలు, వాన లెక్కలు, వరి కోతల కబుర్లు, మధ్యమధ్యలో సంబంధం లేకుండా రెండు మూడు వాక్యాలు.

"ఈ దీపమక్కర్లేదు లాంటివి ఏమిటండీ మరి?"

"అభ్యాసం కోసం ఏదో పాత పుస్తకంలోంచి ఎత్తి రాసుకుని ఉంటారు," అంది భవాని.

"అంతే అయ్యుంటుంది," అన్నారు ఈశ్వరరావుగారు కుర్చీలోంచి. "అంత తియ్యటి మాటలు మా నాన్నకెక్కడివి? మా అమ్మతో ఆయన పట్టుమని పది మాటలు మాట్లాడగా నేను చూళ్ళేదు. 'ఇదిగో, కండువా', 'ఇదిగో, మజ్జిగ.' అంతే. దాంతోనే నలభై రెండేళ్ళు కాపరం చేసింది. ఆ ఒక్క విషయంలో నాకాయన మీద కోపం పోలేదు బాబూ. పోయే ముందు ఆయన పిలిచినా నేను దగ్గర కూర్చుని సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు ఈ పుస్తకం వేయించడం కూడా, ఆ బాకీ ఏదో తీరుతుందేమోనని."

భవాని వెళ్ళి కాఫీ తెచ్చింది. హేమంత్‌కి ఇచ్చిన గ్లాసులో పంచదార కాస్త ఎక్కువే పడింది. కోపం తగ్గిందనడానికి అదే మొదటి గుర్తు.

* * *

రెండో ఆదివారానికి సగం పని అయింది. చివరి పాతిక పేజీల్లో సిరా బాగా పాలిపోయి కంటికి ఆనడం లేదు. ఏలూరు తీసుకెళ్ళి స్కాన్ చేసి ముదురు చేస్తే గానీ లాభం లేదన్నాడు హేమంత్. పుస్తకం ఇల్లు దాటదన్న నియమాన్ని ఈశ్వరరావుగారే సడలించారు. "భవానీ, నువ్వు కూడా వెళ్ళమ్మా. పుస్తకం నీ ఒళ్ళోనే ఉంచుకో."

బండి దెందులూరు చేరకుండానే వాన కుమ్మేసింది. రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డు కనబడితే హేమంత్ బండి అందులోకి తిప్పేశాడు. ఆదివారం కావడంతో లోపల ఎవరూ లేరు. బండి దిగుతూనే వాన కోటు విప్పి, సంచీని దాంతో నాలుగు చుట్లు చుట్టాడు. అతని చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. భవాని జడ కొసనుంచి నీళ్ళు ధారకట్టాయి.

"ఏవండీ, ఆ కోటు మనుషులు వేసుకోడానికండీ," అంది భవాని.

"మనం ఆరిపోతామండి. సిరా తడిస్తే మిగలదు."

ఆమె అతనివైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. తరవాత జడ పిండుకుంటూ వానవైపు తిరిగింది.

తడిసిందేమోనని సంచీ విప్పి పుస్తకం తీశారు. వెనకట్ట కాస్త చెమ్మగిల్లింది అంతే. రేకుల మధ్యనుంచి పడే వెలుగులో హేమంత్ ఒక పాలిపోయిన పేజీ ఏటవాలుగా పట్టుకుని అలవాటు ప్రకారం అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు.

"దౌ... హ్యాస్ట్... పుట్... టూ మచ్... టామరిండ్."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"నువ్వు చింతపండు మరీ ఎక్కువ వేశావు," అన్నాడు హేమంత్ నెమ్మదిగా. "ఏ ఇంగ్లీషు పుస్తకంలో పులుసు గురించి రాస్తారండీ?"

భవాని పేజీ వెనక్కి తిప్పింది. ముందుకి తిప్పింది. హేమంత్ ఆమె పక్కనుంచి వేలు చూపిస్తూ పోయాడు. "చూడండి. ఇన్‌స్పెక్టరుకి రాసిన ప్రతిచోటా యూ అనే ఉంది. ఒక్కచోట కూడా దౌ లేదు. ఈ విడి వాక్యాల్లో మాత్రం అన్నీ దౌ, హ్యాస్ట్, ఆర్ట్. దొరగారికి మీరు, ఇంట్లో మనిషికి నువ్వు! నేను అన్నింటినీ యూ చేసేసి రెండింటినీ కలిపేశాను. అందుకే మాస్టారు ఇన్‌స్పెక్టరు నవ్వుని మెచ్చుకున్నట్టు అయింది."

"తాతగారి అమ్మ, లక్ష్మీకాంతం ముత్తమ్మ," అంది భవాని. "ఉమ్మడి కుటుంబం. ఇంటినిండా జనం. ముత్తమ్మకి ఇంగ్లీషు రాదు. ఎవరూ చదవలేని భాషలో చెప్పుకున్నారాయన." తరవాత తన తలమీద తనే మొట్టుకుంది. "ఎంఏలో ఇదంతా చదివి పరీక్ష రాశానండి నేను. మీకు కనబడింది నాకు కనబడలేదు."

"నేను చదవలేక నెమ్మదిగా చదివానండి. అంతే."

వాన వెలిసి చాలాసేపయిందని ఇద్దరూ గమనించలేదు. అటుగా పోతున్న ఆటోవాడు హారన్ కొట్టి, "బండి ఆగిపోయిందాండీ?" అని అడిగితే అప్పుడు తెలిసింది.

* * *

ఆ తరవాత హేమంత్‌కి తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చే పాసింజరులో నిద్ర పట్టడం మానేసింది. తను వచ్చే బండి, ఆమె కాలేజీకి వెళ్ళే బండి పక్కపక్కనుంచి పోయేటప్పుడు కిటికీలన్నీ వెతికేవాడు. ఒకసారి కనబడిందనుకుని చెయ్యి ఊపాడు. ఎవరో పెద్దావిడ తిరిగి ఊపింది.

చివరి ప్రూఫులు పంపేటప్పుడు ధైర్యం చేశాడు. నూట పన్నెండో పేజీ అడుగున పెన్సిల్‌తో, తనకి వచ్చిన పాత ఇంగ్లీషంతా కూడగట్టి మూడు మాటలు రాశాడు. 'ఐ లవెత్ దీ.' నేను నిన్ను ప్రేమిస్తున్నానని.

రెండు రోజులకి ప్రూఫులు తిరిగొచ్చాయి. ముందుగా నూట పన్నెండో పేజీ తీశాడు. లవెత్ చుట్టూ ఎర్ర సున్నా. దాని పక్కన ఒకే ఒక్క మాట: 'ఎవరు?'

హేమంత్ ఆ మాట వైపు చాలాసేపు చూశాడు. ఎవరు? నువ్వెవరు నాకు ఈ మాట చెప్పడానికి, అన్నమాట. ఆమె లెక్చరరు. తను ముత్తాతగారి హృదయాలన్నీ చెరిపేసిన డీటీపీ వాడు. నిజమే, ఎవరు?

ఆ ఆదివారం కొల్లేటి ఊరికి వెళ్ళలేదు. పనంతా పూర్తిచేసి, మంగళవారం ప్రెస్సుకి పంపుతానని ముక్తసరిగా ఒక మెసేజ్ పెట్టి, తాడేపల్లిగూడెంలో నాన్నగారి కిరాణా హోల్‌సేల్ కొట్లో కూర్చున్నాడు. తండ్రి రాజకుమార్ ఆశ్చర్యపోయాడు. కొడుకు అడక్కుండా కొట్టుకి రావడం ఆయన ఎరగడు. తల్లి ఉమామహేశ్వరి కొడుకు మొహం చూసి, "అన్నం సయించడం లేదేంట్రా?" అంది. అతను ఎప్పట్లాగే మాట దాటేసి చిట్టా పుస్తకం తెరిచాడు.

సోమవారం మధ్యాహ్నం కొట్టు ముందు రిక్షా ఆగింది. భవాని దిగింది. కాలేజీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులకి ఇంకా సుద్ద అంటుకునే ఉంది. సంచీలోంచి నల్లట్ట పుస్తకం తీసి తూకం బల్లమీద పెట్టింది.

"ఫోన్ ఎత్తరేంటండీ? ప్రెస్సుకి పంపేశారా?"

"రేపు పంపుతాను."

"పంపకండి. ఆ రోజు చెమ్మకి వెనకట్టకి అతుక్కున్న కాగితం ఊడింది. లోపల ఇంకో పేజీ ఉంది. చూడండి."

హేమంత్ చూశాడు. ఇది ముత్యాల రాత కాదు. అక్షరాలు పెద్దవిగా, వంకరటింకరగా, పలకమీద దిద్దినట్టు ఉన్నాయి. అలవాటు ప్రకారం కూడబలుక్కున్నాడు.

"ఐ హ్యాత్ రెడ్ ఆల్. దౌ ఆర్ట్ మ్యాడ్." కింద ఇంకో వరస. "టుడే టామరిండ్ లిటిల్."

నేను అంతా చదివాను. నీకు పిచ్చి. ఇవాళ చింతపండు తక్కువ.

కొట్లో మిరపకాయల ఘాటుకి కాదు, హేమంత్ కళ్ళు చెమర్చాయి. "ముత్తమ్మగారు చదివేశారాండీ! ఆవిడ రాసిందేనా ఇది?"

"ఇంకెవరు రాస్తారు? ఎలా నేర్చుకుందో, ఎప్పుడు నేర్చుకుందో!"

"మరి... ఐ హ్యాత్ అని ఉందండి. హ్యాత్ అతను, ఆమెకి కదా? దిద్దాలాండీ?"

"దిద్దారంటే చంపేస్తాను," అంది భవాని. కొట్లో గుమస్తా తిరిగి చూశాడు. ఆమె గొంతు తగ్గించింది. "మీరూ సరిగ్గా ఇదే తప్పు చేశారు. లవెత్ అంటే ఎవరో ప్రేమిస్తున్నాడని అర్థం. అందుకే ఎవరు అని అడిగాను. పేరు రాసి పంపిస్తారనుకున్నాను. ఆదివారం పొద్దుటినుంచీ వరండాలోనే కూర్చున్నాను."

"నేనెవర్నని తిట్టారనుకున్నానండి!"

"తెలుగు వ్యాకరణమైనా వచ్చా మీకు? వాడు అంటే ప్రథమ పురుష. నేను అంటే ఉత్తమ పురుష."

"అయితే ఉత్తమ పురుషకి ఎలా చెప్పాలండీ?"

"ఏ తోకా తగిలించక్కర్లేదు," అంది భవాని, తూకం బల్లమీది సుద్ద మరక తుడుస్తూ. "ఐ లవ్. అంతే. పాత ఇంగ్లీషులోనూ అంతే, ఇప్పుడూ అంతే." ఒక్క క్షణం ఆగింది. "ఇప్పుడు నేను చెప్పింది ఉదాహరణ కాదు."

కొట్టుకి క్యారేజీ తెచ్చిన ఉమామహేశ్వరి పెసల బస్తాల వెనక నిలబడి అంతా విన్నది. వ్యాకరణం అర్థం కాలేదు గానీ, కొడుకు మొహం చూస్తే మిగిలినదంతా అర్థమైంది.

* * *

ఈశ్వరరావుగారి వేడుకకి వాళ్ళ వాకిట్లో షామియానా వేశారు. హోమం అయ్యాక అప్పారావు పుస్తకం అందుకోబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వొద్దురా. ఆ అబ్బాయి చదువుతాడు. తెలుగులో చెప్పు బాబూ, నాకు అర్థమయ్యేలా."

హేమంత్ లేచి నిలబడ్డాడు. ముందు వరసలో తన అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్ళని భవాని స్వయంగా వచ్చి పిలిచింది. గొంతు సవరించుకుని, ఇన్‌స్పెక్టరు ఉత్తరాలన్నీ వదిలేసి విడి వాక్యాలు మాత్రం చదివాడు. "నువ్వు నవ్విన పూట ఇంటికి దీపమక్కర్లేదు." "నువ్వు పుట్టింటికి వెళ్ళి ఆరు రోజులు. గోడలు కూడా నీ గురించే అడుగుతున్నాయి." "నీ ఎదుట నాకు నోరు పెగలదు. ఈ పరాయి భాషలో మాత్రం ధైర్యం వస్తుంది." అరుగుమీద ఆ రోజు నవ్విన వాళ్ళెవరూ ఇవాళ నవ్వలేదు.

చివరి పేజీ చదివాడు. "నేను అంతా చదివాను. నీకు పిచ్చి. ఇవాళ చింతపండు తక్కువ."

ఈశ్వరరావుగారు కుర్చీలో ముందుకు వంగారు. "మళ్ళీ చదువు."

చదివాడు.

"అమ్మ నాన్నని నువ్వు అందా!" పెద్దాయన నవ్వుతున్నారు, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "నాన్న వరండాలో పిల్లలకి ట్యూషన్ చెప్పేవారు. అమ్మ రోజూ తలుపు వెనకే కూర్చుని బియ్యం ఏరేది. అంత రాళ్ళుండేవేంటి బియ్యంలో అనుకునేవాణ్ణి! అమ్మా, ఎంత దొంగవే!" తరవాత కండువాతో మొహం ఒత్తుకున్నారు. భవాని వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "నాన్నతో ఒక్క పూటైనా సరిగా మాట్లాడి ఉండాల్సిందే," అన్నారాయన, ఎవరితోనూ కానట్టు.

భోజనాలయ్యాక మగవాళ్ళు షామియానా కింద వక్కపొడి నములుతూ కూర్చున్నారు. వరండాలో ఉమామహేశ్వరి భవానిని పక్కన కూర్చోబెట్టుకుంది. హేమంత్ దూరంనుంచి ఒక చెవి అటే పెట్టాడు.

"మావాడు ఇంట్లో రెండు ముక్కలు మాట్లాడడమ్మా. నీతో ఏం మాట్లాడతాడు?"

"ఆపరండి. నిన్న ఫోన్‌లో జీలకర్రలో రకాల గురించి అరగంట చెప్పారు."

"జీలకర్రా! వాడికి జీలకర్ర గురించి తెలుసా?" ఉమామహేశ్వరి కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంకా ఏం చెప్పాడు?"

భవాని చెప్పసాగింది. రాజకుమార్ గడియారం చూసుకుని, పాసింజరుకి టైమవుతోందన్నాడు. ఆవిడ తిరిగి కూడా చూడలేదు. కాసేపయ్యాక ఏదో గుర్తొచ్చినట్టు గంభీరంగా మొహం పెట్టింది.

"అన్నీ బానే ఉన్నాయి గానీ అమ్మాయ్, మాది కోమట్ల ఇల్లు. మీరేమో కొల్లేటి ఒడ్డువాళ్ళు, చేప లేందే ముద్ద దిగదు. మా గుమ్మంలోకి చేప రావడానికి వీల్లేదు. పెళ్ళయ్యాక తినాలనిపించినప్పుడల్లా ఇక్కడికి వచ్చి తిని వెళ్ళు. మావాణ్ణి మాత్రం దూరంగా కూర్చోబెట్టు."

షామియానా కింద నమలడం ఆగిపోయింది. తను ఏం అన్నదో ఉమామహేశ్వరికి అప్పుడు తెలిసి నోటిమీద చెయ్యి వేసుకుంది.

ఈశ్వరరావుగారు చెవి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఏవమ్మా, నాకు సరిగా వినబడదు. 'పెళ్ళయ్యాక' అన్న దగ్గర్నుంచి మళ్ళీ చెప్పమ్మా."

ఉమామహేశ్వరి ఒకసారి కొడుకుని చూసింది, ఒకసారి భవానిని చూసింది. చెయ్యి తీసి, ఈసారి వాకిలంతా వినబడేలా మళ్ళీ చెప్పింది.